పక్క సీటు బ్రేకు

హారన్ కొడితే సిగ్నల్ లైటు సిగ్గుపడి రంగు మారుతుందనుకునేవాళ్ళు మా ఊళ్ళో సగం మంది. ఇండికేటర్ వేస్తే ఆస్తి కరిగిపోతుందనుకునేవాళ్ళు మిగతా సగం. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. రోజంతా ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు బైకు మీద తిరగడమే నా బతుకు. లిఫ్టు బుద్ధిగా పైకి పోతుంది, కిందికి వస్తుంది. పక్కనుంచి ఎవడూ దూరడు. అందుకే పదో అంతస్తులో గోతిమీద నిలబడి పనిచేసేటప్పుడు లేని భయం నాకు కూడలి దగ్గర వేస్తుంది. ఇంటికొచ్చి హెల్మెట్ తీసేసరికి నా నోట్లో మిగిలేవి తిట్లే.

మా బావ ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఊరందరికీ బండి నేర్పేది ఆయనే అన్నట్టు ఉండేది. ఆయన్ని నా బైకు వెనక ఎక్కించుకుని వస్తున్నప్పుడు, ఎవడైనా మా ముందుకు అడ్డంగా దూరితే నేను పళ్ళు కొరికేవాణ్ణి. ఆయన మెల్లిగా నా భుజం తట్టి, "మనవాడేరా" అనేవాడు. స్టీరింగ్ పట్టుకున్న తీరు చూసి, మెడ తిప్పడం చూసి, తన దగ్గర నేర్చుకున్నవాళ్ళను ఆయన పోల్చుకునేవాడు. ఆ మాట అనేటప్పుడు, తన కొడుకు పక్కింటి అద్దం పగలగొట్టినంత మొహమాటం ఉండేది గొంతులో.

నేర్పే బండిలో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాడు తప్పు చేస్తే మాస్టారు తొక్కడానికి. మిగతా మాస్టార్లు దాన్ని దబీమని తొక్కి, ఆ తర్వాత నోరు తెరిచేవాళ్ళు. "కళ్ళు నెత్తికెక్కాయా? మీ తాత రోడ్డనుకున్నావా?" అంటూ ఏడుతరాలూ దిగొచ్చేలా తిట్టేవాళ్ళు. మా బావ పద్ధతి వేరు. కుర్రతనంలో బావకు బండి నేర్పినవాడు, ఈయన తప్పు చేసినప్పుడల్లా స్పానరుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడట. కొన్నేళ్ళపాటు గేరు మీద చెయ్యి వేస్తే వేళ్ళు వణికేవట ఈయనకు. తను ఎవర్నీ అలా భయపెట్టకూడదని అప్పుడే అనుకున్నాడు. అందుకని ముందు బండి ఆగుతోందనగానే, నేర్చుకునేవాడికి తెలియకుండా, పిల్లి అడుగు వేసినట్టు తన కాలు బ్రేకు మీద పెట్టేవాడు. బండి నెమ్మదిగా ఆగేది. వాడు అదంతా తన గొప్పే అనుకుని ఛాతీ విరుచుకునేవాడు. మెత్తకాలు మాస్టారని పేరు పెట్టారు ఆయనకు. ఆ మాస్టారే కావాలని జనం ఎదురుచూసేవాళ్ళు.

ఆయన భార్య మా అక్క. ఊరికి ఆ చివరనున్న పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఆవిరి కక్కే గదిలో దుప్పట్లు మడతపెట్టడం, డాక్టర్ల తెల్లకోట్లు ఇస్త్రీ చెయ్యడం ఆమె పని. ఇల్లు ఊరికి ఈ చివర. అద్దె కలిసొస్తుందని ఇక్కడికి వచ్చారు. తెల్లారకుండా బయల్దేరి, రెండు బస్సులు మారి, మిగతా దూరం నడిచేది. ఆ బస్సులు దారిలో ఉన్న ప్రతి బజారునూ పలకరించి గానీ ముందుకు కదలవు. మధ్యాహ్నం పని దిగాక కూడా అదే భాగోతం. "నిలబడి నిద్రపోవడం గుర్రాలకూ నాకూ వచ్చురా తమ్ముడూ" అని నవ్వేది.

ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు నేర్చుకునేది పొద్దున్నే, సాయంత్రమే. కాబట్టి ఆమె ఇంటికి చేరేసరికి బావ క్లాసులో ఉండేవాడు. ఆయన వచ్చేసరికి ఆమె అన్నం మూతపెట్టి పడుకునేది. మధ్యాహ్నమంతా ఆయన ఖాళీ, ఆమె బస్సులో. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి చెప్పులు ఒకరు చూసుకోవడమే వాళ్ళ కాపురం. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్న ఇద్దరూ కలవడానికి కూడా ఈ రోడ్డు అడ్డం.

ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని అక్క అంది: "పెద్ద కోరికలేమీ లేవురా నాకు. మధ్యాహ్నం ఒక గంట మీ బావతో కూర్చుని వేడివేడిగా టీ తాగాలి. చల్లారిపోయింది కాదు."

బస్సు ఊరంతా చుట్టొస్తుంది గానీ, రింగు రోడ్డు మీద కారులో వస్తే సగం కూడా పట్టదు. పని దిగగానే బయల్దేరితే బావ సాయంత్రం క్లాసుకు వెళ్ళేలోపు ఇల్లు చేరొచ్చు. ఆ ఒక్క గంట కోసం మా అక్క, సైకిల్ కూడా తొక్కని మనిషి, కారు నేర్చుకుంటానంది.

నేర్పింది బావే. ఇంకెవరి దగ్గరికి పంపుతాడు? మొదటిరోజు నేను వెనక సీట్లో ఉన్నాను. స్టీరింగ్ మీద ఆమె చేతుల చెమట మెరుస్తోంది. కూడలి దగ్గర ఒక వ్యాను ఎదురుగా ఊడిపడింది. మా బండి మెత్తగా ఆగింది.  అక్క బావ వైపు తిరిగింది.

"ఏవండీ, బ్రేకు మీరేశారా, నేనేశానా?"

"నువ్వే" అన్నాడు బావ.

ఆమె మొహం చూడాలి అప్పుడు. చిన్నప్పుడు స్కూల్లో మొదటి బహుమతి వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు. ఆ తర్వాత బండి ఆగినప్పుడల్లా అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. తనే వేస్తున్నానని నమ్మకం కుదిరింది. టెస్టు ఖాళీ మైదానంలో పెట్టారు. అడ్డం రావడానికి అక్కడ ఒక్క బండి కూడా లేదు. తేలిగ్గా పాసైంది.

ఒక పాత చిన్న కారు కొన్నారు. దానికి ఒకే ఒక్క బ్రేకు, అదీ నడిపేవాళ్ళ కాలికింద. మొదటిసారి దాన్ని అక్క నడుపుతుంటే ముగ్గురం బయల్దేరాం. దారిలో ముందు కారు ఆగింది. బావ అలవాటు కొద్దీ కాలు గట్టిగా తొక్కాడు. కాలి కింద ఉన్నది అక్క టిఫిన్ డబ్బా. అది లొట్టపోయింది. మా కారు వెళ్ళి ముందు కారును చిన్నగా ముద్దుపెట్టుకుంది. ఆ కారాయన దిగి, గీత కూడా పడలేదని చూసుకుని, గొణుక్కుంటూ పోయాడు. మేం ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. "నా డబ్బా మీద ఇంత కోపమేంటండీ మీకు?" అని అక్క ఒకటే నవ్వు.

ఆ వేసవి, ఆ తర్వాతి వానాకాలం వాళ్ళు టీ తాగారు. నేను దారిన పోతూ అప్పుడప్పుడూ ఆగేవాణ్ణి. వంటింటి గుమ్మం దగ్గర రెండు కుర్చీలు, స్టూలు మీద రెండు గ్లాసులు. అక్క ఆ రోజు రోడ్డు మీద తగిలినవాళ్ళనందర్నీ వరసగా తిట్టేది. ఫోనులో మాట్లాడుతూ నడిపేవాడు, అద్దంలో బొట్టు దిద్దుకుంటూ నడిపే ఆవిడ, దారి తనొక్కడిదే అన్నట్టు మధ్యలో పోయేవాడు. కారు నేర్చుకున్నాక అక్క నోరు నా నోటికి తీసిపోకుండా తయారైంది. బావ ఆమెనే చూస్తూ, టీ చల్లార్చుకుంటూ కూర్చునేవాడు. వాళ్ళంత సుఖంగా ఉన్న మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. 

ఆ రోజు కూడా ఆమె టీ వేళకే వస్తోంది. రింగు రోడ్డు మీద ఒక సరుకు లారీవాడికి తను దిగాల్సిన దారి దాటిపోతోందని ఆఖరి క్షణంలో గుర్తొచ్చింది. పక్క వరసలోంచి అడ్డంగా ఆమె ముందుకొచ్చి టక్కున ఆగాడు. ఇండికేటర్ లేదు. అక్క కారు నేరుగా దాని కిందికి పోయింది. ఆమె రోజూ దుప్పట్లు మడతపెట్టే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. అప్పటికే ప్రాణం లేదు.

పోలీస్ స్టేషన్ ఆవరణలో ఆ లారీ డ్రైవరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి వాడి కాలరు పట్టుకుని లేపాను. చంపేసేవాణ్ణేమో. వాడు విడిపించుకోలేదు. ఏడుస్తున్నాడు.

"వెనకున్నవాళ్ళు ఆగుతారనుకున్నానండీ. నేను రోజూ అట్లాగే దిగుతా. రోజూ ఎవరో ఒకరు బ్రేకు వేస్తారండీ" అన్నాడు.

బావ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. వాడి మొహంలోకి పరీక్షగా చూశాడు. వాడూ తన దగ్గర నేర్చుకున్నవాడేమోనని చూస్తున్నాడని నాకు అర్థమైంది. తర్వాత కానిస్టేబుల్ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు.

"రోడ్డు మీద మా ఆవిడ కారు టైర్ల గీతలున్నాయాండీ?"

"లేవండీ. ఒక్క గీత కూడా లేదు. అసలు బ్రేకు వేసినట్టే లేదు."

బావ తలూపాడు. వాళ్ళిచ్చిన సంచీ తీసుకున్నాడు. అందులో అక్క చెప్పులు, లొట్టపోయిన డబ్బా ఉన్నాయి.

చూడవచ్చినవాళ్ళు తలో మాట అన్నారు. అలిసిపోయి కునుకు తీసిందన్నారు, కంగారుపడిందన్నారు. నేను లారీవాణ్ణి తప్ప ఎవర్నీ అనలేదు, ఈ రోజుకీ అనను. బావే ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర, ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని చెప్పాడు.

"మీ అక్క నిద్రపోలేదురా. కంగారూ పడలేదు. బండి ఆగుతుందని చూసింది. ఎప్పుడూ ఆగేది కదా. నేను ఆపేవాణ్ణని దానికి తెలీదు." ఆ ఖాళీ కుర్చీని కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "డబ్బా తొక్కిన రోజే తెలియాలి నాకు. నవ్వాను."

"బావా, లారీవాడు అడ్డమొచ్చాడు. మీరేం చేస్తారు?"

"అడ్డం రానివాడెవడురా ఈ ఊళ్ళో? అది తెలిసే కదా నేను బండి నేర్పేది."

 ఆ తర్వాత చాలాకాలం ఆయన స్కూలు వైపు పోలేదు. యజమానురాలు వచ్చి బతిమాలితే మళ్ళీ వెళ్ళాడు గానీ, మనిషి మారిపోయాడు. మైదానంలో ఖాళీ అట్టపెట్టెలు పేర్పించాడు. పక్క సీట్లో కాళ్ళు రెండూ పైకి మడుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "నేను ఆపను. నువ్వే ఆపాలి" అనేవాడు. నేర్చుకునేవాళ్ళు పెట్టెల్ని గుద్దేవాళ్ళు. గుద్దినప్పుడల్లా మళ్ళీ పేర్పించేవాడు. ఒక్క పెట్టె కూడా కదలని రోజు వచ్చేదాకా రోడ్డెక్కనిచ్చేవాడు కాదు. రోడ్డు మీద అరిచేవాడు కూడా. ఆయన అరుపు విన్నవాళ్ళు ఇంకో మాస్టారిని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. మెత్తకాలు మాస్టారనే పేరు పోయి, రాయి మాస్టారన్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఇంతలో మా అమ్మాయి చదువు ముగించింది. ఉద్యోగం ఊరికి ఆ చివరే వచ్చింది. మళ్ళీ అవే రెండు బస్సులు. నెల తిరక్కుండానే నిలబడి నిద్రపోవడం దానికీ వచ్చేసింది. కారు నేర్చుకుంటానంది. మా ఆవిడ అన్నం మానేసింది. నేను కుదరదంటే కుదరదన్నాను. పిల్ల మా ఇద్దరితో వాదించకుండా నేరుగా మామయ్య దగ్గరికి పోయింది.

ఏం మాట్లాడుకున్నారో తెలియదు. మర్నాటి నుంచే మైదానంలో పెట్టెలు గుద్దడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికి వచ్చి ఏడ్చేది. "అత్త మీద కూడా ఇట్లాగే అరిచేవాడా నాన్నా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. 

రింగు రోడ్డు ఎక్కే రోజున బావ నన్ను కూడా రమ్మన్నాడు. వెనక సీట్లో కూర్చున్నాను. లిఫ్టు గోతిమీద దేన్నీ పట్టుకోకుండా నిలబడే నేను ఆ రోజు తలుపు పిడి వదల్లేదు. బావ కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి బాగానే నడుపుతోంది. అక్క వెళ్ళిపోయిన చోటు దగ్గరపడుతోందని ముగ్గురికీ తెలుసు. 

ఆ దిగే దారి దగ్గరే, ఒక తెల్ల కారు పక్క వరసలోంచి మా ముందుకు దూరి ఆగింది. ఇండికేటర్ లేదు. నేను బావ కాళ్ళ వైపు చూశాను. ఆయన తన చీలమండల్ని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. కాళ్ళు కిందికి దిగాలని లాగుతున్నాయి, ఆయన దిగనివ్వడం లేదు. టైర్లు కీచుమన్నాయి. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. బండి ఆగింది. తెల్ల కారుకూ మాకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. ఆ కారువాడు మమ్మల్ని చూడను కూడా చూడకుండా ఆ దారిలోకి దిగిపోయాడు.

మా అమ్మాయి స్టీరింగ్ వదల్లేదు. ముందుకే చూస్తూ అడిగింది.

"మామయ్యా, బ్రేకు మీరేశారా, నేనేశానా?"

ఆ ప్రశ్న ఎవరిదో దానికి తెలియదు. మేం ఎప్పుడూ చెప్పలేదు.  బావ చీలమండలు వదిలి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అక్క పోయిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

"నువ్వే తల్లీ" అన్నాడు చివరికి. "నువ్వే వేశావు."

వెనక హారన్ల మోత మొదలైంది. ఎవడో కిటికీలోంచి తల బయటపెట్టి మా అమ్మాయిని ఏదో అన్నాడు. నేను తలుపు తెరవబోయాను. బావ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి నా మోకాలి మీద వేసి ఆపాడు.

"పోనీ అమ్మా" అన్నాడు పిల్లతో, కండువాతో మొహం తుడుచుకుంటూ. "వాళ్ళ కోసం ఇళ్ళ దగ్గర ఎవరో ఎదురుచూస్తుంటారు."