గండికోట ప్యాచ్

ప్రొద్దుటూరులో బుల్లెట్ క్లబ్బు మొగోళ్లంతా భయపడేది టైలరు హెప్సిబాకే. వాళ్లేసుకునే చేతుల్లేని తోలు కోట్ల మీద ఊర్ల పేర్ల ప్యాచ్‌లు కుట్టేది ఆమె. క్లబ్బు కట్టుబాటు ఒకటే: సొంతంగా బండి తోలుకుంటూ పోయిన ఊరి ప్యాచే కోటుకు ఎక్కాల. ఆ కట్టుబాటు పెట్టింది వాళ్లు, దాన్ని పట్టుకోని ఏలాడేది ఈమె.

మొన్న క్లబ్బు ప్రెసిడెంటు విశ్వనాథ్ గండికోట ప్యాచ్ తెచ్చినాడు. హెప్సిబా మిషను ఆపింది.

"బండి మీదనే పోయినావా?"

"నడుం నొప్పక్కా. జమ్మలమడుగు దాకా బండే. ఆడినుంచి కారు."

"అయితే జమ్మలమడుగు ప్యాచ్ తెచ్చుకోపో."

ప్రెసిడెంటు మొహం మాడ్చుకున్నాడు. గోడకు, పోయినేడు క్లబ్బోళ్లు ఆమెకు బహుమానంగా ఇచ్చిన కోటు తగిలించి ఉంది. దాని మీద ఒక్క ప్యాచ్ కూడా లేదు.

"మాకు చెప్తాండావు గానీ, నీ కోటుకు ప్రొద్దుటూరు ప్యాచన్నా కుట్టుకోరాదా?" అన్నాడు ఎగతాళిగా.

హెప్సిబా సూదిలోకి దారం ఎక్కిస్తా, తలెత్తకుండానే చెప్పింది.

"యాడ కుట్టుకునేదప్పా? పెండ్లయినాక చాపాడు నుంచి ఈ ఊరికి నేను బస్సులో వస్తి."