కండక్టరమ్మ సండే స్కూలు

ఆమెను సంఘంలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పెద్దవాళ్ళకు కండక్టరమ్మ, పిల్లలకు బస్సు మామ్మ. రిటైరై చాలా కాలమైనా ఆమె గొంతు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి, ముందు సీట్లో కునుకు తీస్తున్న ముసలాయనను లేపి దింపగలిగిన గొంతు అది. చర్చి వెనక గదిలో ఆమె "మోషే! మోషే!" అని దేవుడి పిలుపు పిలిస్తే, హాల్లో పాటలు నేర్చుకుంటున్నవాళ్ళు లేచి తలుపు వేసుకునేవారు.

పాడైన మైకులు, కాలు విరిగిన కుర్చీలు ఒక మూలకు నెట్టి, మిగిలిన జాగాలో ఆమె బెంచీలు వేయించింది. రెండు వరసలు, మధ్యలో నడవడానికి దారి. చేతిలో పుస్తకం ఉండేది కాదు. బెంచీల వీపులు పట్టుకుంటూ ముందుకీ వెనక్కీ నడుస్తూ కథ చెప్పేది. కథ మలుపు తిరిగినచోట అలవాటు కొద్దీ ఆమె ఒళ్ళు ఓ పక్కకు ఒరిగేది. పిల్లలు కూడా అదే పక్కకు ఒరిగేవారు. చివర కూర్చున్నవాడు ఒక్కోసారి కింద పడేవాడు కూడా.

ఈ కథలు ఆమె సొంతం కాదు. అత్తగారి దగ్గర నుంచి వచ్చినవి. అత్తగారు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేది, చదువు రాదు. ఇదే గదిలో చాప మీద కూర్చుని పిల్లలకు చెప్పేది. ఆవిడ కథలో ఇశ్రాయేలు జనం యెరికో గోడ చుట్టూ తిరిగింది తోపుడుబండి తోసుకుంటూ తిరిగినట్టే ఉండేది. ఎండా, అరికాళ్ళ మంటా, తలుపు తీయని ఇళ్ళూ అన్నీ ఉండేవి. చివర్లో ఆవిడ తన బేరం కేక ఒకటి పెట్టేది, గోడ కూలేది. కొత్త కోడలిగా వచ్చిన కండక్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నవ్వు నవ్వు. రేపు నువ్వు చెప్పేటప్పుడు తెలుస్తుంది" అంది అత్తగారు.

"నేనెందుకు చెప్తాను?"

"మరి నన్ను పైకి తీసుకుపోయాక ఈ పిల్లలకి ఎవరు చెప్తారే, నీ మొగుడా? వాడికి బండి తోలడం తప్ప ఏమొచ్చు?"

అలా కథలు చేతులు మారాయి. చేతులు మారగానే వాటి ఒంటికి డీజిలు వాసన పట్టింది. యోనాను దేవుడు నీనెవెకు పొమ్మంటే అతను ఎదురు రూటు బండి ఎక్కేవాడు. నోవహు జంతువులన్నిటినీ జరిపి జరిపి కూర్చోబెట్టేవాడు, ఏనుగు దగ్గర మాత్రం కొంచెం గొడవయ్యేది. మోషే జనాన్నంతా ఎడారి దారిన తీసుకొచ్చి, కోపంలో చేసిన ఒక్క పని వల్ల తాను మాత్రం చివరి స్టాపుకు ముందే దిగిపోయేవాడు. కొండ మీద నిలబడి బండి వెళ్ళిపోవడం చూసేవాడు. అక్కడికి వచ్చేసరికి గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేది.

చిక్కంతా పరీక్షతో వచ్చింది. ఆ ఏడాది చుట్టుపక్కల చర్చిలన్నిటి పిల్లలకూ కలిపి బైబిలు పరీక్ష పెట్టారు. యోనా నీనెవెకు ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్నకు కండక్టరమ్మ పిల్లలు బెంచీలు బెంచీలుగా ఒకే జవాబు రాశారు: ఎదురు రూటు బండి ఎక్కినందువల్ల. మోషే కనాను ఎందుకు చేరలేదన్నదానికి, డ్రైవరు కోప్పడకూడదు కాబట్టి అని రాశారు. ఒక పిల్ల అయితే నోవహు ఓడ తలుపు దేవుడు మూశాడని సరిగ్గానే రాసి, ఆ పక్కనే, తరువాత నోవహు రైట్ రైట్ అనెను, అని కూడా చేర్చింది.

ఆ జవాబులు అన్ని చర్చిలూ తిరిగి నవ్వులై తిరిగొచ్చాయి. సంఘ కార్యదర్శికి తల కొట్టేసినట్టయింది.

"బొమ్మల కథలు వీడియోల్లో ఎంత చక్కగా వస్తున్నాయండీ!" అన్నాడు కమిటీ కూర్చున్నప్పుడు. "ఒక టీవీ పెట్టిస్తే సరి. అన్ని చర్చిల పిల్లలూ ఒకటే నేర్చుకుంటారు. కండక్టరమ్మగారికీ శ్రమ తప్పుతుంది. పక్కన కూర్చుని పిల్లలు అల్లరి చేయకుండా చూసుకుంటే చాలు."

"అంటే నన్ను బండి దింపి స్టాండులో కాపలా పెడతారన్నమాట" అంది ఆమె.

పాస్టరు గారు వయసులో చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. ఆమెను బయట మెట్ల దాకా తీసుకొచ్చాడు.

"అమ్మా, మీ కథలంటే నాకిష్టమే. కానీ కార్యదర్శి గారు నన్ను విడిగా అడిగినదాంట్లో ఒకదానికి నా దగ్గర జవాబు లేదు. మీ తర్వాత ఎవరు? మీరు మంచం పట్టిన ఆదివారం ఈ పిల్లలకి ఎవరు చెప్తారు?"

ఆమె మెట్ల కింద చెప్పుల కోసం చూసింది.

"ఒక్కరిని చూపించండి" అన్నాడాయన. "పుస్తకం చూడకుండా, పిల్లల కళ్ళలోకి చూసి చెప్పేవాళ్ళని. ఈ నెల ఆఖరి ఆదివారం లోపు చూపిస్తే టీవీ మాట నేను ఆపుతాను. లేకపోతే నన్ను తప్పు పట్టకండి."

"చూపిస్తాను అయ్యగారూ" అంది. చెప్పులు వేసుకుని గేటు దాటాక గానీ ఎవరినన్న ఆలోచన రాలేదు.

తన బెంచీల మీద పెరిగినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మర్నాటి నుంచే బయలుదేరింది. మందుల షాపు కుర్రాడు అరలు సర్దుతూ, "ఆదివారమే కదా మామ్మా నాకు నిద్ర దొరికేది" అన్నాడు. బడి పంతులమ్మ ఒకామె ఎంతో సంతోషించి, "సిలబస్ ఉంటే ఇవ్వండి ఆంటీ, ప్లాన్ వేసుకుంటాను" అంది. కండక్టరమ్మ ఆమె పెట్టిన టీ తాగి లేచొచ్చింది. తాపీ మేస్త్రీ గోడ మీది నుంచే చేతులెత్తి దండం పెట్టాడు: "నాకు నా పిల్లలే మాట వినరు, నీ పిల్లలేం వింటారు తల్లీ!"

కోడలిని మాత్రం అడగలేదు. అడిగే వీలు లేక అడగలేదు. రెండేళ్ళ కిందట కొడుకు జ్వరంతో ఆసుపత్రిలో పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. కోడలు చర్చికి వస్తుంది, చివరి వరసలో కూర్చుంటుంది, ప్రార్థన అయిపోగానే లేస్తుంది. పాటకు పెదవి కదపదు. పెళ్ళయిన కొత్తలోనే మితభాషి. ఇప్పుడు ఆ కాసిన్ని మాటలూ కూరా నారా దగ్గరే ఆగిపోయాయి.

ఆ వారం కండక్టరమ్మ చక్కెర పరీక్షకు వెళ్ళింది. కోడలు పనిచేసేది ఆ ల్యాబులోనే, రక్తం తీసే గదిలో. ఎప్పుడూ కోడలే ఇంట్లో తీసి పట్టుకెళ్ళేది. ఆ రోజు ఈవిడే తొందరపడి వెళ్ళి, అద్దం తలుపు బయట వరసలో కూర్చుంది. లోపల ఒక పిల్లవాడు చెయ్యి వెనక్కి లాక్కుని ఏడుస్తున్నాడు. తల్లి ఒకవైపు, నర్సు ఒకవైపు పట్టుకున్నా లొంగడం లేదు.

కోడలు స్టూలు దగ్గరకు లాక్కుంది. "జక్కయ్యని ఒకాయన ఉండేవాడు నాన్నా. నీ అంత పొట్టి."

ఏడుపు ఒక మెట్టు తగ్గింది.

"పెద్దవాడే, కానీ పొట్టి. యేసయ్య వస్తున్నాడంటే చూడాలనుకున్నాడు. ముందంతా జనం. ఏం చేశాడు? చెట్టెక్కాడు. ఇదిగో, నీ చెయ్యే చెట్టు. ఇక్కడ ఎక్కుతున్నాడు..." రబ్బరు పట్టీ బిగించింది. "కొమ్మ సన్నది. కదిలిందంటే పడిపోతాడు. కదలనివ్వకు. పట్టుకో, పట్టుకో..."

పిల్లవాడు ఊపిరి బిగబట్టి కొమ్మను కదలనివ్వలేదు. సూది దిగింది, రక్తం వచ్చింది, దూది పడింది.

"మరి దిగాడా?"

"దిగాడు. యేసయ్యే పేరు పెట్టి పిలిచి దింపాడు. మీ ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. నువ్వూ వెళ్ళి తిను, పో."

తన వంతు వచ్చి లోపలికి వెళ్ళిన అత్తగారిని చూసి కోడలు ముఖం ఎర్రబడింది.

"జక్కయ్య పన్నులు గుంజేవాడని చెప్పలేదేం?" అంది కండక్టరమ్మ, కుర్చీలో కూర్చుంటూ.

"అంతసేపు చెయ్యి చాపి కూర్చోరు అత్తయ్యా పిల్లలు."

"రోజూ చెప్తావా?"

"ఏడ్చేవాళ్ళు వస్తే చెప్తాను. పెద్దవాళ్ళకి కూడా. పిడికిలి బిగించండి."

ఆ సాయంత్రం ఇద్దరూ భోజనానికి కూర్చున్నాక కండక్టరమ్మ సంగతంతా చెప్పింది. టీవీ, పాస్టరు గారు పెట్టిన గడువు, మేస్త్రీ పెట్టిన దండం. చెప్పి, "నువ్వు చెప్పాలి అమ్మాయ్" అంది.

"నా వల్ల కాదు."

"అద్దంలోంచి చూశానుగా, ఎందుకు కాదు?"

"అది పని అత్తయ్యా. సూది గుచ్చాలి కాబట్టి చెప్తాను. అక్కడ నమ్మి చెప్పాలి." కోడలు కంచంలో వేళ్ళు ఆపేసింది. "లాజరు కథ వస్తుంది. మీరు ఏటేటా చెప్తారు. చనిపోయినవాణ్ణి బయటికి రమ్మని యేసయ్య పిలవగానే సమాధిలోంచి లేచి వచ్చేశాడని గోడలు అదిరేలా చెప్తారు. మన ఇంట్లో అలా జరిగిందా? మీ అబ్బాయి చనిపోయిన ఏడాది కూడా మీరు చెప్పారు. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. మీకెలా నోరొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

కండక్టరమ్మ కూర గిన్నె మీద మూత పెట్టింది. ఆమెకు కోపం వస్తే మాటలు వరదలా వచ్చేవి. ఇప్పుడు వచ్చింది కోపం కాదు.

"నోరు రాలేదు తల్లీ, తెచ్చుకున్నాను" అంది. "ఆ ఆదివారం నేను ఆగిపోతే ఆ కథ అక్కడే ఆగిపోతుంది. నా బిడ్డ పోయాడని వేరేవాళ్ళ బిడ్డలకి ఆ మాట లేకుండా చేస్తానా? నీకు నమ్మకం కుదరకపోతే, కుదరని చోట నుంచే చెప్పు. అబద్ధం చెప్పమనడం లేదు. చెప్పమంటున్నాను."

కోడలు కంచం తీసుకుని లేచింది. ఆ తరువాత రోజుల్లో కండక్టరమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి పడిన పాట్లు ఆమెకే తెలుసు. రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాటను దగ్గుగా మార్చి మింగింది.

ఆఖరి ఆదివారం ఉదయం కోడలు తల దువ్వుకుంటూ, "ఈ రోజు ఏ కథ?" అని అడిగింది.

"నీ ఇష్టం."

"అయితే లాజరు" అంది కోడలు.

గదిలో పిల్లలు బస్సులో సీట్లు పట్టుకున్నట్టు తోసుకుని కూర్చున్నారు. గుమ్మంలో పాస్టరు గారు, ఆయన వెనక చేతులు కట్టుకుని కార్యదర్శి. కండక్టరమ్మ వెనక బెంచీ మీద పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. కోడలు అటూ ఇటూ నడవలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, మొదటి బెంచీ పిల్లల మోకాళ్ళకు తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. చిన్న గొంతు. వెనకవాళ్ళు ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఒక ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరు, ఒక తమ్ముడు. తమ్ముడికి జబ్బు చేసింది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. తడిగుడ్డ వేస్తున్నారు, ఆరిపోతోంది. మళ్ళీ వేస్తున్నారు. యేసయ్యకి కబురు పెట్టారు. ఆయన రాలేదు."

"ఎందుకు రాలేదు?" అన్నాడు ఒకడు.

"తెలీదు. వాళ్ళు గుమ్మం వైపు చూస్తూనే ఉన్నారు. తమ్ముడు పోయాడు. అందరూ వచ్చి వెళ్ళాక వచ్చాడాయన. అక్క ఎదురెళ్ళి, కూర్చోమని కూడా అనకుండా, అడిగేసింది. నువ్వు అప్పుడే వచ్చి ఉంటే మా తమ్ముడు బతికేవాడు కదా, అని."

"యేసయ్యనే తిట్టిందా?"

"తిట్టింది. ఆయన కోప్పడలేదు. సమాధి ఎక్కడో చూపించమన్నాడు. అక్కడికి వెళ్ళి..." కోడలు చీర అంచు వేళ్ళకు చుట్టుకుంది. "అక్కడికి వెళ్ళి ఆయన కూడా ఏడ్చాడు."

ఆమె ఇక చెప్పలేదు. పిల్లలు చూస్తున్నారు. కార్యదర్శి గొంతు సవరించుకోబోయి మానేశాడు. వెనక బెంచీ మీద కండక్టరమ్మ గొంతులోకి మిగిలిన కథంతా వచ్చి కూర్చుంది. సమాధి రాయి, గుడ్డ కట్లు, ఆ పెద్ద కేక. తన అత్తగారి దగ్గర నుంచి తెచ్చుకుని ఏళ్ళ తరబడి పెట్టిన కేక. ఇన్నేళ్ళలో యేసయ్య ఏడ్చినచోట తాను ఒక్కసారీ ఆగలేదని ఆమెకు అప్పుడే తట్టింది. బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది. లేవలేదు.

"మిగతాది వచ్చే ఆదివారం చెప్తాను" అంది కోడలు, కాసేపటికి. "చెప్తాను. తప్పకుండా."

పిల్లలు గోల చేస్తూ బయటికి వచ్చారు. పాస్టరు గారు కార్యదర్శితో ఏదో నెమ్మదిగా అన్నాడు. ఆయన తల గోక్కుంటూ, "వచ్చే వారం కూడా చూద్దాం లెండి. అసలు సంగతి చెప్పకుండా ఆపేసిందేమిటండీ!" అన్నాడు. గేటు దగ్గర పిల్లలంతా కండక్టరమ్మను చుట్టుముట్టారు. ఆ కథ పోయినేడు విన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

"మామ్మా, లాజరు లేచాడా లేదా? నీకు తెలుసుగా, చెప్పవా? ఒక్క మాట చెప్పు!"

ఆమె నోరు తెరిచింది. మూసింది. కొంగు నడుము చుట్టూ బిగించి దోపుకుంది.

"నన్నడగకండి" అంది. "మీ టీచర్ని అడగండి."