కోట పక్కన నా ఊరు

ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నదానికి హనుమకొండలోని మా పాత బడి వాళ్లు జవాబు చెప్పలేదు. మొన్న వార్షికోత్సవానికి పిలిచి, వెనుక వరుసలో కుర్చీ వేశారు, అదీ గుర్తుంటుంది. బ్రిటన్‌లో రోమన్ సైనికులు కట్టుకున్న కోట నమూనా ఇంకా అద్దాల బీరువాలో ఉంది. దాని ద్వారం బయట ఉండవలసిన ఊరే లేదు.

ఆ ఊరు చేసింది నేను. చరిత్ర చెప్పడానికి కొత్తగా చేరిన ఏడాది, బడి ప్రదర్శనకు కోటను డ్రాయింగు మాస్టారు, ఊరును నేను చేశాం. సైన్యం దిగిన చోటికి వర్తకులు, కమ్మరులు, సిపాయిల పెళ్లాంపిల్లలు చేరి, దారికి ఇరువైపులా ముందు దుకాణం, వెనుక కాపురంగా ఇళ్లు వేసుకునేవారని చదివినప్పుడు నాకు మా వరంగల్ బజారే కళ్లకు కట్టింది. అట్టలతో అలాంటి ఇళ్లే చేశాను. నన్ను పెంచిన చిన్నమ్మ, క్రిస్మస్‌కు ఇంట్లో పేర్చే బొమ్మల పశువుల పాక చుట్టూ పచ్చగా ఉండాలని ఏటా పళ్లెంలో గోధుమలు మొలిపించినట్టే, నా ఊరి పొలాలకూ మొలిపించింది. అంతటితో ఆగక ఇళ్ల ముందు ఎర్ర కాగితం ముక్కలు పరిచింది. ఏమిటవి అంటే, "మిరపకాయలు బిడ్డా. ఊరన్నంక ఎండబోసుకోరా?" అంది. ఆ ఎరుపు ఎంత ముచ్చటగా ఉందంటే, ఆ కాలపు బ్రిటన్‌లో మిరపకాయ లేదన్న సంగతే నాకు తట్టలేదు.

హెడ్మాస్టరుకు తట్టింది. అందరి ముందూ నవ్వి, "ఏందయ్యా, రోమన్లు మన మిర్చి మార్కెట్‌కు వచ్చిండ్రా? తియ్, తియ్, గది తీసెయ్" అన్నారు. తీయమన్నది మిరపకాయలనే అనుకుని వాటిని ఏరేసి, భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి ఊరంతా మాయమై, కోట ఒక్కటే బల్ల మధ్యకు జరిగి ఉంది. సాయంత్రం చిన్నమ్మ, ఆదివారం చర్చికి కట్టే చీరలో వచ్చి, కోట చుట్టూ తిరిగి చూసి, "మన ఊరేది బిడ్డా?" అంది.

ఇప్పుడు చిన్నమ్మ లేదు. పశువుల పాకలకు ప్లాస్టిక్ గడ్డి దొరుకుతోంది. బజారులో దుకాణాల వెనుక కాపురాలు పోయి గోదాములు వచ్చాయి. మొన్న కొత్త హెడ్మిస్ట్రెస్‌ను అడిగితే, "చూద్దాం సార్, జర ఆగుండ్రి" అని ఆటో ఎక్కించి పంపింది.

ఆగింది చాలు. మిరపకాయలు తప్పు, ఊరు తప్పు కాదు. దాన్ని ఎవరు తీశారు, ఎక్కడ పడేశారు, కోట పక్కన మళ్లీ ఎప్పుడు పెడతారు? బడి పెద్దలారా, చిన్నమ్మ అడిగిన మాటకు నేను చెప్పలేని జవాబు మీరు చెప్పండి.