బయటికి రాని వాంతి

నోరక్క అంటే నోరున్న మనిషి అనుకునేరు. ఆమె గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే వార్డులో ఆమె ఉద్యోగం నోళ్లు చూడడం. మాత్ర ఇచ్చాక నిజంగా మింగారా, బుగ్గన దాచుకున్నారా అని టార్చిలైటు వేసి, చెక్కపుల్లతో నాలుక ఎత్తి చూడాలి. పుచ్చిపళ్లు, పుళ్లు, పొగాకు కంపు, అన్నీ ఆమె మొహం మీదికే. "ఆ చేత్తోనే అన్నం ఎలా తింటావక్కా?" అని నేను ఏడిపిస్తే, "కడుక్కుని" అనేది.

నేను అక్కడే వంటమనిషిని. నా పనీ అంత గొప్పదేం కాదు. ఈసారి మందు కొవ్వు నిండిన కడుపులో ఎలా పనిచేస్తుందో చూడాలట. అందుకని వెన్న దట్టించిన రొట్టెలు, గుడ్లు, మీగడ తీయని పాలు. గడియారం పెట్టి, ముక్క మిగల్చకుండా తినిపించాలి. ఆ తర్వాత మాత్ర. మాత్ర వేసుకున్న పూట కక్కినవాడి పేరు కొట్టేసి, దారిఖర్చులు చేతిలో పెట్టి పంపేస్తారు. చివరిదాకా ఉన్నవాడికే పూర్తి డబ్బు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసి వెళ్లిపోవచ్చని చేర్చుకునే రోజు నవ్వుతూ చెప్తారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ విడతలో నోరక్క తమ్ముడు చేరాడు. వాడు దర్జీ. పాత కుట్టుమిషను మూలపడింది, ఈ డబ్బుతో కొత్తది కొనుక్కోవాలని ఆశ. వద్దురా అని అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు. ఇక్కడ పనిచేసేవాళ్ల అయినవాళ్లని చేర్చుకోకూడదని నియమం ఉందట. మనుషులు దొరకనప్పుడు నియమాలు ఎవడికి కావాలి?

మొదటి మాత్ర వేసుకున్న కాసేపటికే వాడు పాలిపోయాడు. ఒళ్లంతా చెమట. బుగ్గలు ఉబ్బాయి. రెండు చేతులతో నోరు నొక్కుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుండగా, వచ్చిందంతా మళ్లీ మింగేశాడు. పళ్లేలు తీస్తూ నేను కళ్లారా చూశాను. నోరక్క టార్చి వేసి చూసింది. నాలుక మీద కక్కు ఇంకా ఉంది.

ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లి, మా వాడికి ఈ మందు పడలేదు, పంపించేయండి అని చెప్పింది. అప్పటికే ఇద్దరు కక్కి వెళ్లిపోయారు. ఇంకొకడు తగ్గితే విడత మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. డాక్టరు చూడ్డానికి చెడ్డవాడిలా కూడా ఉండడు, అదే నాకు మరీ అసహ్యం. వాణ్ణి పిలిచి, అంతా బాగానే ఉంది కదా అని అడిగాడు. అలా అడిగితే కాదని ఎవడంటాడు? బాగానే ఉంది సార్ అన్నాడు వాడు, మూతి తుడుచుకుంటూ.

"బయటికి రాలేదు కదమ్మా," అన్నాడు డాక్టరు నోరక్కతో. "బయటికి రానిది వాంతి కాదు."

అంత చదువు చదివిన మనిషి నోట వచ్చిన మాట అది. ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్లు అంతకంటే శుభ్రంగా ఉంటాయి.

వారం తర్వాత రెండో మాత్ర. మళ్లీ అవే గుడ్లు, అదే వెన్న. వాడు నా మొహం చూడకుండా తిన్నాడు. ఈసారి వణుకు కూడా పట్టుకుంది. చేతులు నోటి మీదికి వెళ్తున్నాయి. నోరక్క వాటిని లాగేసి, తన రెండు చేతులూ వాడి గడ్డం కింద పట్టింది. కక్కెయ్యరా అంది. వాడు తల అడ్డంగా ఊపాడు గానీ ఆపుకోలేకపోయాడు. ఆమె ఆ దోసిలితోనే, వేళ్ల సందుల్లోంచి కారుతుండగా, వార్డంతా దాటి వెళ్లి డాక్టరు బల్ల మీద దించింది.

"చూడండి సార్," అంది. "బయటికొచ్చింది."

డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుని ముక్కు మూసుకున్నాడు. ఇక పేరు కొట్టేయక తప్పలేదు.

సాయంత్రం వాడు సంచీ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. నోరక్క సబ్బుతో చేతులు కడుక్కుని, గ్లాసుతో మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చింది. ప్రాణం కాపాడిన అక్కతో వీడేమంటాడో చూద్దామని నేనూ వెనకాలే వెళ్లాను. వాడు గ్లాసు అందుకోలేదు.

"కాసేపు ఆగుంటే మింగేసేవాణ్ణి కదక్కా," అన్నాడు.