బొగ్గు తోడే మనిషికి కసరత్తు

మా వీధి చివర కొత్తగా తెరిచిన జిమ్ము ముందు నుంచి వెళ్తుంటే రబ్బరు, చెమట కలిసిన వాసన గుప్పున కొడుతుంది. బాక్సింగ్ చేస్తే గుండె బలపడుతుందని, ఊపిరి పెరుగుతుందని, నడుం సన్నబడుతుందని గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. అబద్ధమేమీ కాదు. పొద్దంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు అంతా నిజమే. కానీ ఆ మాటలే గోదావరిఖనిలో, ఎనిమిదేళ్ల పిల్లగా, ఒక బొజ్జ ఆఫీసరు నోట మొదటిసారి విన్నాను. అప్పటి నుంచీ వాటి మీద నాకు ఏవగింపే.

డెబ్భైలలో, బతుకమ్మ ముందటి రోజులు. వాన వెలిసి, గని క్వార్టర్ల వెనక తంగేడు విరగబూసి, ఇంటింటా బెల్లంతో నలిపి మలీద చేయడానికి రొట్టెలు కాలుతున్న వాసనా, బొగ్గుల పొయ్యిల పొగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. కొత్తగా వచ్చిన ఆ ఆఫీసరు గ్రౌండులో ఇసుక సంచి వేలాడదీయించి, కార్మికుల ఆరోగ్యం కోసమంటూ బాక్సింగ్ మొదలుపెట్టాడు. తాను మాత్రం నీడలో కుర్చీ వేయించుకుని జీడిపప్పు నములుతూ ఉపదేశించేవాడు. జీపు దిగి ఆ కుర్చీ దాకా నడవడానికే రొప్పేవాడు.

బాపు అని మేం పిలిచే మా నాన్న భూమి లోపల బొగ్గు ఎత్తి, పట్టాల మీది ఇనుప టబ్బులు నింపేవాడు. ఆయాసం మొదలై, పైన పని ఇప్పించమని అర్జీ పెట్టుకుంటే, నీకు తక్కువైంది వ్యాయామమే, నెల రోజులు క్రమం తప్పకుండా వస్తే అప్పుడు చూద్దాం అన్నాడట ఆఫీసరు. బాపు నమ్మాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానమైనా చేయకుండా గ్రౌండుకు పోయి, గ్లవుజులు కట్టించుకుని సంచిని గుద్దేవాడు. మిగతావాళ్లు వారానికే మానేశారు. మేం పిల్లలం గట్టు మీద కూర్చుని గుద్దులు లెక్కపెడుతూ నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ ఆఫీసరు కంటే ఆ పిల్లంటేనే నాకిప్పుడు ఎక్కువ అసహ్యం.

సద్దుల బతుకమ్మ నాడు అవ్వ, అంటే మా అమ్మ, మలీద ముద్దలు గిన్నెలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని గ్రౌండుకు వచ్చింది. అప్పటికే బాపు గుద్దలేక సంచిని కావలించుకుని నిలబడ్డాడు. దగ్గితే గ్లవుజు మీద నల్లటి కళ్లె పడింది. ఆఫీసరు ముఖం తిప్పుకుని, వస్తువులు పాడు చేస్తారని గొణిగాడు.

అవ్వ గిన్నె కింద పెట్టి, బాపు చేతులకున్న తాళ్లు విప్పి, ఆ గ్లవుజులు తీసుకెళ్లి ఆఫీసరు ఒళ్లో పెట్టింది.

"మా ఆయిన ఎనిమిది గంటలు బొగ్గుతోని కొట్లాడి వస్తడు సారూ. కసరత్తు తక్కువైంది మీకు. మీరే గుద్దుండ్రి."

ఆయన వాటిని వేలి కొసలతో కిందికి నెట్టేశాడు. బాపు భయపడ్డాడు.

"గట్ల అంటే ఎట్లనే? ఇగ నా కాయితం మీద సంతకం పెడ్తడా?"

పెట్టలేదు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాక, ఇంకో రెండేళ్లకు, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో బాపుకు పని దొరికింది. అప్పటికి ఆయన ఇంటి నుంచి గని దాకా మూడుచోట్ల కూర్చోనిదే నడవలేకపోయేవాడు.

మొన్న వెళ్లి చూస్తే ఆ క్వార్టర్ల వరస లేదు, గ్రౌండు లేదు, బొగ్గు కోసం పైనుంచే తవ్వేసిన ఓపెన్‌కాస్టు గొయ్యి చుట్టూ కంచె ఉంది. అప్పట్లో పొద్దున్నే ఆ వరసంతా దగ్గులతో లేచేది. తలుపులు వేసి ఉన్నా ఏ దగ్గు ఎవరి నాన్నదో పిల్లలం చెప్పగలిగేవాళ్లం. కంచె పట్టుకుని చెవి ఒగ్గాను. ఎవరి నాన్నా మిగల్లేదు.