సంతకం పెట్టే ముందు మనిషిని అడిగిన కరుణ మేడం

నిన్న పొద్దున డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో "కరుణ మేడం ఇక లేరు" అని మెసేజ్.

నమ్మలేదు. వెంటనే ఆమె నంబరుకే ఫోన్ చేశాను.

ఎత్తింది జోయెల్. మేడం అక్క కొడుకు, నా క్లాస్‌మేట్.

"చిన్నమ్మ పోయింది స్వరూపా. గుండెల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయినం గని లాభం లేకపాయె."

ఫోన్ పెట్టేసి బయల్దేరాను.

మేడం చాలా స్ట్రిక్ట్ అంటారు అందరూ. ఎంత స్ట్రిక్టో నేను చెప్తాను.

అప్పుడు మాది ఎమ్మే సోషియాలజీ చివరి సెమిస్టర్. నాకూ జోయెల్‌కీ ప్రాజెక్ట్ గైడ్ ఆమే.

మా వర్ధన్నపేట వైపు పత్తి ఏరే ఆడవాళ్ల మీద రాశాను. సెలవులన్నీ చేలల్లోనే గడిచాయి. తెలుగు మీడియం పిల్లని. ఒక్కో పేరా ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు తిరగరాశానో నాకే తెలుసు.

కాలేజీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇదంతా ఏఐ రాసిందని తేల్చింది.

"ఈ పిల్లకు ఇంత ఇంగ్లిష్ యాడికెల్లొచ్చింది?" అని కమిటీలో ఒక సార్ నవ్వారు.

డిగ్రీ పోయినట్టే అనుకున్నాను. ఏడుస్తూ వెళ్తే మేడం ఓదార్చలేదు.

"ఏడుపు తర్వాత. కూసో. నువ్వే రాసినవో లేదో ముందుగాల నాకు తెల్వాలె."

ఎవరితో మాట్లాడాను, ఈ మాట ఎందుకు రాశాను, ఆ మాట ఎందుకు వదిలేశాను... మధ్యాహ్నమంతా అడుగుతూనే ఉన్నారు.

ఆఖరికి లేచి, "నడువ్" అన్నారు. నేరుగా కమిటీ గదికి.

"మిషన్ చెప్పింది విన్నరు. పిల్లను అడిగిన్రా సార్? తెలుగుల చెప్తది, వినుండ్రి."

చెప్పాను. పత్తికాయల మొనలు గీరుకోకుండా ఎల్లవ్వ వేళ్లకు గుడ్డపీలికలు ఎట్లా చుట్టుకుంటుందో. కూలి పెంచమని ముందు నోరు తెరిచింది ఎవరో.

నవ్విన సారే పాస్ చేద్దామన్నారు.

మేడం అక్కడితో ఆగలేదు. సాఫ్ట్‌వేర్ క్లీన్ అన్నవాళ్లనూ కూర్చోబెట్టి అడిగారు.

వాళ్లలో జోయెల్ ఒకడు. బీడీ కార్మికుల మీద రాశాడు.

"ఎవలింటికి పోయినవ్ రా?"

ఏ ఇంటికీ పోలేదని ఒప్పుకున్నాడు. అంతా ఏఐతో రాయించి, దొరక్కుండా మార్పించాడు.

సొంత అక్క కొడుకు. అయినా సంతకం పెట్టలేదు. సెమిస్టర్ పోయింది.

మట్టెవాడలో అక్కాచెల్లెళ్లది ఒకే గల్లీ. ఆ క్రిస్మస్‌కు అక్క చెల్లెలి గడప తొక్కలేదు.

మేడం బాధపడ్డారు. కానీ వెనక్కి తగ్గలేదు. ఆదివారం చర్చి అయ్యాక జోయెల్‌ను స్కూటీ మీద ఎక్కించుకుని బీడీలు చుట్టే ఇళ్లకు తీసుకెళ్లేవారు.

"పోయి మాట్లాడు. నేను గీడ్నే కూసుంట."

ఈసారి వాడే రాశాడు. బోలెడన్ని ఇంగ్లిష్ తప్పులతో. మేడం ఆ తప్పులు చదివి నవ్వుకుంటూ సంతకం పెట్టారు.

ఈరోజు సమాధి దగ్గర ఆ అక్కను ఆపడం ఎవరి వల్లా కాలేదు. "నేనే మాట్లాడకపోతి చెల్లే" అని ఒకటే ఏడుపు.

ఇప్పుడు నేనూ లెక్చరర్‌నే. సోమవారం మా పిల్లల వైవా. వాయిదా వేద్దామా అని కాలేజీలో అడిగారు.

వద్దన్నాను.

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతాను. టైం లేదంటారు, మీకెందుకు మేడం అంటారు. అననీ. పిల్లల మాట పూర్తిగా విన్నాకే పెన్ను పట్టుకుంటాను.

వెళ్లి రండి మేడం. మీరు నమ్మిన ప్రభువు దగ్గర మీ మనసు హాయిగా ఉండాలి.