బస్సులో వేసిన జడ

మా మనవరాలి స్కూల్ వాళ్ళు వారానికోసారి ఫోన్‌కి ఒక మెసేజ్ పంపిస్తారు. మా అమ్మాయికి ఆఫీస్‌లో తీరిక ఉండదు కాబట్టి అది నాకూ వచ్చేట్టు పెట్టింది. మేముండే ఈ కాపెల్ ఊళ్ళో పిల్లల్ని స్కూల్‌కి దింపడం, మళ్ళీ తీసుకురావడం అమ్మమ్మల, తాతయ్యల ఉద్యోగం. మెసేజ్‌లో స్కూల్ కబుర్లన్నీ ఉంటాయి. బుక్ ఫెయిర్ ఎప్పుడు, పార్కింగ్ లాట్‌లో ఎవరు ఎటు తిరగాలి, ఎవరి స్వెటర్ దొరికింది. మొన్నటి దాంట్లో పిల్లల మనసు ఎలా ఉందో కనుక్కోవడానికి కొత్త పద్ధతి పెట్టామని రాశారు. పొద్దున్న క్లాసులోకి వెళ్ళగానే ప్రతి పిల్లా టాబ్లెట్ మీద ఒక రంగు నొక్కాలిట. పచ్చ నొక్కితే బాగున్నట్టు, పసుపు నొక్కితే ఫరవాలేదన్నట్టు, ఎరుపు నొక్కితే టీచర్ వచ్చి పక్కన కూర్చుంటుందిట. కార్ ఎక్కాక అడిగాను, ఇవాళ ఏం నొక్కావే అని. "గ్రీన్, అమ్మమ్మా. అది ఫస్ట్ ఉంది," అంది.

నా ఏడో తరగతిలో ఇలాంటిది ఉంటే నేను ఏం నొక్కేదాన్నో అని ఆ సాయంత్రమంతా అనుకుంటూనే ఉన్నాను. నేనూ పచ్చే నొక్కేదాన్నేమో.

నాన్న డాక్టర్. డెబ్బైల చివర్లో మేము అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి వచ్చిపడ్డాం. ఆ ఊరికి డాక్టర్ లేడు, నాన్నకి స్థిరమైన ఉద్యోగం లేదు, ఒకళ్ళకొకళ్ళు సరిపోయారు. ఊరంటే ఒక ధాన్యం గోదాం, ఒక గ్యాస్ స్టేషన్, రెండు చర్చిలు, చిన్న ఆసుపత్రి, స్కూలు. మిగతాదంతా మొక్కజొన్న. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా అందరం ఒకే కప్పు కింద చదువుకునేవాళ్ళం కాబట్టి, ఎవరింట్లో ఆవు ఈనినా స్కూలంతటికీ తెలిసేది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. భయం మాత్రం లేదు. బాస్కెట్‌బాల్ ఆటలకి చీర మీద పెద్ద కోటు వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుని, రెండు జట్ల వాళ్ళు వేసిన బాస్కెట్లకీ చప్పట్లు కొట్టేది. అవతలి వాళ్ళకి కొట్టకూడదమ్మా అని నేను సిగ్గుతో చచ్చిపోతూ చెబితే, "ఎవరి పిల్లలైతేనేం, కష్టపడి వేశారా లేదా," అనేది. స్కూల్లో విందు పెడితే పులిహోర చేసి తెచ్చేది. ఊళ్ళో దానికి ఎల్లో రైస్ అని పేరు పడింది.

ఎనభైల మొదట్లో, మొక్కజొన్న కోతల కాలంలో, ఒకరోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లో పడిపోయింది. తలలో నరం చిట్లింది. పక్కింటావిడ చూసి అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఊళ్ళో ఉన్నది ఒకటే ఆసుపత్రి, ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టర్ నాన్న. తలుపు తోసుకుని స్ట్రెచర్ లోపలికి వచ్చేదాకా ఆయనకి ఎవరిని తెస్తున్నారో తెలియదు. పెద్ద ఆసుపత్రికి పంపించే లోపే అయిపోయింది. దహనానికి రెండు గంటల దూరంలో ఉన్న పట్నానికి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా పొలాల్లో కోత యంత్రాలు తిరుగుతున్నాయి. వాటి దుమ్ము చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. రావడం లేదేమిటా అని కొంచెం ఆశ్చర్యం వేసింది, అది కూడా వేరే ఎవరి గురించో అయినట్టు.

వారం దాకా రానక్కర్లేదని స్కూల్ వాళ్ళు చెప్పారుట. నాన్న మర్నాడే ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అందుకని నేనూ పుస్తకాలు పట్టుకుని బస్సెక్కేశాను. నేను వచ్చిన సంగతి స్కూల్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా స్కూల్లో పొద్దున్నే గోడ మీది స్పీకర్ పెట్టెలోంచి సెక్రటరీ గారు ఆ రోజు వార్తలు చదివేవారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ కొంచెం జలుబు ఉండేది. ఆ రోజు ముందు లంచ్‌కి ఏముందో చదివారు. చికెన్, నూడుల్స్, తీపి మొక్కజొన్న. తరవాత, మన డాక్టర్ గారి భార్య చనిపోయారని చెప్పడానికి విచారిస్తున్నాం అన్నారు. వాళ్ళమ్మాయి ఏడో తరగతిలో ఉంది, ఆ పిల్ల తిరిగి వచ్చినప్పుడు అందరూ దయగా ఉండండి అన్నారు. తరవాత వాలీబాల్ ఫలితం చదివారు. మేము ఓడిపోయాం. క్లాసులో తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. టీచర్ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. నేను మాత్రం వాలీబాల్ గురించి ఆలోచిస్తున్నాను, ఈసారి గెలుస్తామన్నారే అని.

దయగా ఉండమన్నారు కదా, ఆ పిల్లలు నిజంగానే ఉన్నారు. లంచ్‌లో తలా ఒకరూ వచ్చి తమ చాక్లెట్ పాల డబ్బా నా ట్రే మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ట్రే మీద చోటు చాలేది కాదు. వద్దనడం ఎలాగో తెలియక కొన్నాళ్ళు కడుపు ఉబ్బరించేలా తాగాను. ఇంటి మెట్ల మీద రోజూ ఎవరో ఒకరు ఓవెన్‌లో కాల్చిన వంటకం పెట్టి వెళ్ళేవారు. మేము మాంసం తినమని తెలిశాక అన్నిట్లోనూ బంగాళాదుంపలే. కౌన్సెలర్ గారు బుధవారాలు మాత్రమే వచ్చేవారు. ఆయన్ని చుట్టుపక్కల స్కూళ్ళన్నీ పంచుకున్నాయి. జిమ్ పరుపులు దొంతరలు పెట్టిన గదిలో, వాటి మధ్య ఒక కుర్చీలో ఆయన, ఒక కుర్చీలో నేను. ఎలా ఉన్నావు అన్నారు. ఫైన్ అన్నాను. ఆయన కాస్త తేలికపడినట్టు కనిపించారు. మంచి మనిషి. రెండో బుధవారం కూడా ఫైన్ అన్నాక ఇంక పిలవలేదు.

జడ దగ్గరే చిక్కొచ్చింది. నాకు నడుము దాకా జుట్టు. రోజూ పొద్దున్న అమ్మ కొబ్బరినూనె రాసి బిగించి రెండు జడలు వేసేది. నాన్న ఒకటి రెండు రోజులు ప్రయత్నించాడు. ఎంతమందికో కుట్లు వేసిన చేతులే, నా తల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవి. చివరికి ఒక రబ్బరు బ్యాండు చుట్టి పంపించేవాడు, ఆ బ్యాండులో కొంత జుట్టు, బయట కొంత.

బస్సులో నా వెనక సీట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి కూర్చునేది. వాళ్ళకి పందుల పెంపకం. అంతవరకూ నాతో రెండు ముక్కలు మాట్లాడి ఉండదు. ఒకరోజు ఉన్నట్టుండి నా పక్కకి వచ్చి కూర్చుని, భుజం తట్టి, "అటు తిరిగి కూర్చో," అంది. కూర్చున్నాను. రబ్బరు బ్యాండు లాగేసి, తన దువ్వెనతో చిక్కు తీయడం మొదలుపెట్టింది. "నాకొచ్చింది ఒకటే జడ. సంతలో పోటీకి మా గుర్రం తోకకి వేస్తాను. నీకేం ఫరవాలేదుగా," అంది. ఫరవాలేదన్నాను. మట్టి రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతుంటే, తల పైనుంచి పాయలు కలుపుకుంటూ గట్టిగా లాగి అల్లింది. ఆ అమ్మాయి చేతులు చల్లగా, సబ్బు వాసన, దాని కింద పందుల వాసన. జుట్టు లాగినప్పుడు నెత్తి చుర్రుమనేది. ఆ చలికాలమంతా నాకు తెలిసిన నొప్పి అదొక్కటే. దానికోసం ఎదురుచూసేదాన్ని.

అప్పటినుంచి రోజూ అంతే. బస్సెక్కగానే నేను అటు తిరిగి కూర్చునేదాన్ని. ఆ అమ్మాయి అల్లుతూ పందుల సంగతులు చెప్పేది. ఏది ఈనింది, ఏది పిల్లల మీద పడుకుంది, ఏది కంచె దూకింది. అమ్మ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇంట్లో నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని బంగాళాదుంపలు తినేవాళ్ళం. "హోంవర్క్ అయిందా పాపా," అనేవాడు. అయిందనేదాన్ని. అమ్మ మాట ఇద్దరం ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, ఎవరు ముందు ఎత్తాలో తెలియలేదు.

మంచు కరిగే రోజుల్లో, కుట్టుపనీ వంటా నేర్పే టీచర్ గారు ఏటా స్కూల్లో తల్లీకూతుళ్ళ టీ పార్టీ పెట్టేవారు. అమ్మాయిలు ఏప్రన్లు కుట్టి కట్టుకోవాలి, తల్లులు తలా ఒక వంటకం తేవాలి, ఒక్కొక్క అమ్మాయీ లేచి వాళ్ళమ్మని పరిచయం చెయ్యాలి, తల్లి తన కూతురి గురించి ఒక మాట చెప్పాలి. టీచర్ గారు నన్ను పక్కకి పిలిచి, రానక్కర్లేదు, వస్తే ఎవరితోనైనా రావచ్చు అన్నారు. జడ వేసే అమ్మాయి, "మా అమ్మని సగం నువ్వు తీసుకో. తనకి మాటలెక్కువ, ఇద్దరికీ సరిపోతుంది," అంది. సరేనన్నాను. ఏదైనా సరేననే రోజులవి. నాన్నకి చెప్పలేదు.

కానీ ఊళ్ళో ఆడవాళ్ళందరూ నాన్న పేషెంట్లేగా. ఎవరో చెప్పేసి ఉంటారు. టీ మొదలై ఒకరిద్దరు పరిచయాలు అయ్యాక తలుపు తెరుచుకుంది. నాన్న, ఇంటర్వ్యూలకి వేసుకునే సూటులో, బూట్ల నిండా బురదతో, అమ్మ స్టీలు గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. గది నిండా ఆడవాళ్ళు, పూల టేబుల్ గుడ్డలు, మధ్యలో ఆయన ఒక్కడే మగవాడు. నాకు సంతోషం వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. ఆ బురద ఎవరు తుడుస్తారా అనుకున్నాను. టీచర్ గారు ఏ మాత్రం కంగారుపడకుండా గిన్నె అందుకుని బల్ల మీద పెట్టి, నా పక్కన కుర్చీ వేశారు. గిన్నెలో పులిహోర. పసుపు ఎంత పోశాడో, వడ్డించిన వాళ్ళ వేళ్ళు కూడా పసుప్పచ్చగా అయ్యాయి. అన్నం ముద్దయింది. ఒక్కావిడ కూడా వద్దనలేదు.

నా వంతు వచ్చింది. లేచి, "ఈయన మా నాన్న," అని కూర్చున్నాను. నాన్న లేచాడు. పేషెంట్లతో తప్ప నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. తన చేతుల వంక చూసుకుంటూ ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు, "మా అమ్మాయికి జడ వెయ్యడం నాకు రాదు. పొద్దున్న చెదిరిన జుట్టుతో వెళ్ళి సాయంత్రం జడతో వస్తుంది. రోజూ చూస్తున్నాను. ఎవరు వేస్తున్నారో నాకు తెలియదు. వాళ్ళు ఈ గదిలో ఉంటే, థాంక్స్." అంతే, కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎదురు బల్ల దగ్గర ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి, టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళమ్మ కూతురి వంక ఒకసారి చూసింది. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదన్నమాట.

కార్‌లో చాలా దూరం వచ్చాక నాన్న అడిగాడు.

"పులిహోరలో ఏదో తక్కువైంది కదా?"

"ఇంగువ," అన్నాను.

"మీ అమ్మ అది ఎక్కడ పెట్టేదో నాకు తెలీదు పాపా. అంతా వెతికాను."

"పొయ్యి పైన అలమరలో, కాఫీ డబ్బాలో. పట్నం నుంచి తెచ్చింది అయిపోతే నాతో చెప్పేది."

మా ఇద్దరి మధ్యా అమ్మ మాట రావడం అదే మొదలు. ఇంటికెళ్ళగానే కుర్చీ ఎక్కి డబ్బా తీసి ఇచ్చాను. నాన్న మూత తీశాడు. వంటిల్లంతా ఒక్కసారి గుప్పుమంది. ఆయన గబుక్కున మూత పెట్టేశాడు, ఉన్న కాస్తా పోతుందేమో అన్నట్టు. తరవాత కళ్ళజోడు తీసి అలాగే నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం చూస్తూ నేను కుర్చీ మీదే నిలబడ్డాను. దిగి వెళ్ళి పట్టుకోవాలని తెలుసు. ఒళ్ళు కదల్లేదు. కాసేపటికి ఆయనే వచ్చి నన్ను కుర్చీ మీంచి దింపాడు. "బంగాళాదుంపలు ఇంక చాలు. అన్నం వండుకుందాం," అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగింది. మాటలు కూడా ఒకటీ అరా వచ్చాయి. వంట దగ్గర మాట్లాడుకోవడం తేలిక, చేతులకి పని ఉంటుంది.

జడ వేసిన అమ్మాయి చదువు అయ్యేలోపే వాళ్ళ పొలం పోయింది. ఆ ఏళ్ళల్లో అప్పులు తీరక చాలామందివి పోయాయి. వేలం రోజు నాన్నా నేనూ వెళ్ళాం. తెలిసిన వాళ్ళే వచ్చి తెలిసిన ట్రాక్టర్లు పాడుకుంటుంటే, ఆ అమ్మాయి కొట్టం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. చెప్పాల్సిందేమీ లేదని తెలుసు. పక్కన వెళ్ళి నిలబడ్డాను, సాయంత్రం దాకా. చివర్లో, "చలిగా ఉంది, నువ్వు ఇంటికెళ్ళు," అంది. తరవాతి వారం వాళ్ళు మిస్సోరీ వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చాయి, తరవాత ఆగిపోయాయి. నాన్న ఆ ఊళ్ళోనే రిటైర్ అయ్యాడు, ఆ ఊళ్ళోనే పోయాడు. ఆయన పోయినప్పుడు నేను మామూలుగానే ఏడ్చాను, అందరు కూతుళ్ళలాగే.

అమ్మ కోసమే ఏడవలేదు. ఆ ఏడుపు ఎక్కడికి పోయిందో చాలా ఏళ్ళు నాకు తెలియలేదు. అమ్మ పోయేనాటికి ఆవిడకి ముప్ఫై రెండేళ్ళు. మా అమ్మాయికి ఈ ఏడు ముప్ఫై రెండు వచ్చాయి. అది పొద్దున్నే తడి జుట్టుతో, ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో కార్ తాళాలతో హడావిడిగా తిరుగుతుంటే చూస్తాను. ఇంత చిన్నదా మా అమ్మ అనిపిస్తుంది. కూతురిగా ఉన్నప్పుడు రాని దుఃఖం, ఇన్నేళ్ళు నడిచి నడిచి, ఇప్పుడు ఒక తల్లి దుఃఖంగా నా దగ్గరికి వస్తోంది.